తెల్లగుట్ట దాటి పది లెక్కపెట్టి

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను ముప్పై మూడు డైరీలు రాశాను. ఇప్పుడు నా బీరువాలో ఉన్నవి ముప్పై రెండు. లేని ఆ ఒక్కటి పోలేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు, చివర చెబుతాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఏడాదికి సంబంధించినదే కాబట్టి తేదీలు ఇవ్వలేకపోతున్నాను. తేదీ వేయకుండా కిరాణా చీటీ కూడా రాయని నాకు ఇది చొక్కా లేకుండా బజారుకు వెళ్లినట్టుగా ఉంది. అడుగులు, నిమిషాలు, గాలి వేగం మాత్రం పుస్తకం లేకపోయినా గుర్తున్నాయి.

పని

నాకు యాభై రెండేళ్లు. ఇరవై ఏళ్లు వైమానిక దళంలో, పదమూడేళ్లు కర్నూలుకూ కడపకూ నడుమ నల్లరేగడి పొలాల్లో ఉన్న ఒక చిన్న ప్రైవేటు విమానాశ్రయంలో టవర్ చూశాను. ఆ విమానాశ్రయం పేరు రాయను. టవర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. డాబా మీద ఒక గది, మూడు వైపులా అద్దాలు, ఒక రేడియో, ఒక బైనాక్యులర్, గాలి వేగాన్ని చూపే ముల్లు, ఒక రిజిస్టరు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో టవర్ ఆజ్ఞాపిస్తుంది. మా వంటి చోట ఆ అధికారం లేదు. గాలి ఇటు నుంచి వీస్తోంది, రన్‌వే మీద గొర్రెలున్నాయి, ఎదురుగా మరో విమానం వస్తోంది అని తెలియజేయడం వరకే మా వంతు. దిగడమా, మానడమా అన్నది పైలట్ నిర్ణయం.

ఈ పనిలో చేరబోయే చిన్నవాళ్లు కొందరు నన్ను అడుగుతుంటారు, కష్టమా అని. కష్టమేమీ లేదు. చెప్పవలసిన మాటను చెప్పవలసిన క్షణంలో చెప్పాలి, అంతే. ముప్పై మూడేళ్లలో నేను రెండుసార్లు చెప్పలేదు. మొదటిసారి ఒకరి కాలు విరిగింది. రెండవసారి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పిళ్ళై గారు

వైమానిక దళంలో నా మొదటి పై అధికారి వారంట్ ఆఫీసర్ పిళ్ళై. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నేను చేరిన రెండో ఏట ఒక మధ్యాహ్నం గాలి హఠాత్తుగా అడ్డం తిరిగింది. ఆ మార్పును నేను వెంటనే గమనించాను. సమయం, దిశ, వేగం మూడు గడుల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. నింపుతూ ఉండగానే శిక్షణలో ఉన్న ఒక కుర్ర పైలట్ పాత గాలి లెక్క మీద దిగి, రన్‌వే పక్కకు జారి, కాలువలో పడ్డాడు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది.

పిళ్ళై గారు వచ్చి రిజిస్టరు తెరిచి చూశారు. నా దస్తూరిని మెచ్చుకుంటారేమోనని ఒక క్షణం అనుకున్నాను కూడా. ఆయన ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, కిటికీలోంచి అంబులెన్స్ వైపు చూపించారు. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"బాగా రాశావు. ఇప్పుడు పోయి ఆ పిల్లవాడికి చదివి వినిపించు."

నేను కదలలేదు. "పో" అని ఆయన అరిచారు. నేను నిజంగానే మెట్లు దిగి, స్ట్రెచర్ పక్కన నిలబడి, గాలి మారిన సమయం, దిశ, వేగం ఆ కుర్రవాడికి చదివి వినిపించాను. అతను పళ్లు బిగబట్టి నా వైపు చూశాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు గాలి మారితే ముందు నోరు తెరిచాను, తర్వాతే కలం తెరిచాను. ఆ పాఠం నాకు శాశ్వతంగా వచ్చేసిందని నమ్మాను. ఏ పాఠమూ అట్లా రాదు.

తెల్లగుట్ట

మా రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి గాలి ఎక్కువ కాబట్టి విమానాలు తూర్పు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాయి. దిగే ముందు పైలట్ ఒక చుట్టు తిరగాలి. రన్‌వేకి దక్షిణంగా, సమాంతరంగా తూర్పుకు వెళ్లి, ఒక చోట ఎడమకు మళ్లి, కొంత దూరం పోయి, మరోసారి ఎడమకు మళ్లితే రన్‌వే ఎదురుగా వస్తుంది. రెండు మలుపులు, వాటి నడుమ ఒక చిన్న తిన్నని దారి. ఎంత దూరంగా వెళ్లాలి, ఎక్కడ మళ్లాలి అన్నదే పైలట్ అంచనా వేసుకోవాలి.

మా చుట్టూ శనగ, కొర్ర, పత్తి. పై నుంచి చూస్తే ఏ చేను ఏదో తెలియదు. ఒక్కటే గుర్తు, తెల్లగుట్ట. నాపరాయిని కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు తమ తడి పొడినీ ముక్కలనూ ఒకే చోట పోసి పోసి ఒక గుట్ట చేశాయి. ఎండలో అది సున్నం కొట్టిన గోడలా మెరిసేది. రన్‌వేను తూర్పుకు పొడిగిస్తే వచ్చే ఊహా గీతను రన్‌వే గీత అంటాం. నేను చేరిన మొదటి ఏడాదే ఆ గీత నుంచి గుట్ట దాకా అంగలతో కొలిచాను. నా అంగ రెండున్నర అడుగులు. లెక్క మూడువేల ఎనిమిది వందల అడుగులకు వచ్చింది.

చిన్న విమానం రెండు మలుపులూ నెమ్మదిగా తిరగడానికి పదిహేను వందల అడుగుల వెడల్పు కావాలి. వానకాలపు దక్షిణ గాలి మరో ఐదు వందల అడుగులు తోస్తుంది. మొత్తం రెండు వేలు. మిగిలిన పద్దెనిమిది వందల అడుగులు దాటడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. జాగ్రత్త కోసం అందులో రెండు తగ్గించాను. ఈ లెక్కతో నేనే ఒక సూత్రం తయారు చేశాను. గుట్టను ఎడమ రెక్క కింద పెట్టుకొని పో, గుట్ట దాటగానే మళ్లు, పది లెక్కపెట్టు, మళ్లీ మళ్లు. మా దగ్గర విమానం నడపడం నేర్పే శిక్షకుడికి అది నచ్చింది. కొత్తగా నేర్చుకునే వాళ్లందరికీ అదే చెప్పాడు. పదేళ్లపాటు మా దగ్గర దిగిన ప్రతి చిన్న విమానంలోనూ ఎవరో ఒకరు నోటితోనో మనసులోనో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టారు.

ఈ సూత్రం ఏ మ్యాపులోనూ లేదు, ఏ నియమావళిలోనూ లేదు. అది నాది. దాని గురించి నాకు గర్వం ఉండేది.

బాషా

మహబూబ్ బాషా బోరుబండ్ల యజమాని. నంద్యాలలో ఇల్లు. ఒక్క పాత బండితో మొదలుపెట్టి ఆరు బండ్ల దాకా వచ్చాడు. నలభై రెండో ఏట మా దగ్గర విమానం నేర్చుకోవడానికి వచ్చాడు. ఎందుకని అడిగితే ఇట్లా అన్నాడు.

"ఇరవై ఏండ్లుగా భూమిలోకి పోతాండాను సారూ. వెయ్యడుగులు పోయినా దుమ్మే వస్తాది. పైకి వెయ్యడుగులు పోతే ఏముండాదో చూద్దామని."

"పైన కూడా నీళ్లు లేవప్పా" అన్నాను.

"లేకపోతే లేదు. పైన నన్ను తిట్టే రైతన్నా ఉండడు కదా."

చేతి పనివాళ్లు మంచి పైలట్లవుతారు. బాషా చేతులకు యంత్రం తెలుసు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. గుట్ట దాటగానే అతడు రేడియో బటన్ వదలడం మరిచి గట్టిగా లెక్కపెట్టడం టవర్‌లో మాకు వినిపించేది. "ఒకటి, రెండు, మూడు..." మా గేటు మనిషి ఓబులేసు నవ్వేవాడు. గొర్రెలను విజిల్‌తో తరమడం, మంటలార్పే జీపు నడపడం రెండూ అతని పనులే.

"ఏమప్పా బాషా, పైన బడి పెట్టినావా? ఎక్కాలు వినపడతాండాయి" అనేవాడు.

"నీకు ఇరవై దాకన్నా వస్తాయా ఓబులేసూ? రా, పైన నేర్పిస్తా" అని జవాబు వచ్చేది.

లైసెన్సు వచ్చాక బాషా ఒక పాత రెండు సీట్ల విమానం కొన్నాడు. ఏడాది తర్వాత దాని ఇంజన్ పూర్తిగా విప్పవలసి వచ్చి, దూరాన ఉన్న ఒక వర్క్‌షాపులో వదిలాడు. ఏడు నెలలు అది అక్కడే ఉంది. ఏడు నెలలు బాషా మా ఆకాశంలో లేడు.

గుట్ట కదిలింది

ఆ ఏడు నెలల్లో ఒక రోడ్డు కాంట్రాక్టరు తెల్లగుట్టను లారీలకెత్తి రోడ్డు కిందికి తోలుకుపోయాడు. ఫ్యాక్టరీలు కొత్త పొడిని మరో చోట, అంటే రన్‌వేకు దగ్గరగా, పోయడం మొదలుపెట్టాయి. పాత గుట్ట నేలమట్టమై, వానకు దాని మీద గడ్డి మొలిచింది. కొత్తది అంతే తెల్లగా, దాదాపు అంతే ఎత్తుగా లేచింది. పై నుంచి చూస్తే రెంటికీ తేడా లేదు.

ఒక ఆదివారం సాయంత్రం నేను పోయి కొలిచాను. పాత చోటు నుంచి కొత్త చోటుకు ఆరు వందల అంగలు, అంటే పదిహేను వందల అడుగులు. రన్‌వే గీత నుంచి గుట్టకు మిగిలింది రెండువేల మూడు వందలు. అందులో మలుపులకూ గాలికీ రెండువేలు పోతే మూడు వందల అడుగులు. పన్నెండు సెకన్లు ఉన్న చోట ఇప్పుడు రెండు సెకన్లు. ఈ లెక్కంతా ఆ రాత్రి డైరీలో వేశాను. కింద ఒక మాట రాసి, రెండు గీతలు గీశాను.

మరునాడు మేనేజరుతో ప్రస్తావించాను. నోటీసు పెడదామన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"గుట్టకు నోటీసేంది సార్? మ్యాపులో గుట్టే లేదు కదా. గుట్ట చూసుకొని దిగుతాండారని మనమే రాసిచ్చినట్లయితాది. ఎవరన్నా పెద్దాఫీసరు చూస్తే మనకే ఎసరు."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. దానికి తోడు, వారం వారం ఎగిరే నలుగురు పైలట్లు గుట్ట లారీ లారీగా కదలడం కళ్లారా చూసి, ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నారు. ఒకరు ఐదే లెక్కపెట్టేవారు. ఒకరు గుట్టను చూడడమే మానేశారు. అందరికీ తెలుసు కదా అనుకున్నాను. రోజూ చూసేవాడికి మార్పును గురించి చెప్పనక్కరలేదు. చెప్పవలసింది చాలాకాలానికి వచ్చేవాడికి. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదని రాయలేను. తట్టింది. బాషా వచ్చేముందు ఫోన్ చేస్తాడు, అప్పుడు చెబుదాం అనుకున్నాను. అతను ఫోన్ చేసింది మేనేజరుకు.

ఆ ఉదయం

వానకాలం, శుక్రవారం. ఉదయం తొమ్మిది ముప్పై ఎనిమిదికి రేడియోలో బాషా గొంతు వినిపించింది. నిబంధన ప్రకారం రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి, సీమ మాటలోకి దిగాడు.

"సారూ, బాగుండావా? పక్కన మా బామ్మర్ది కరీం ఉండాడు. మొట్టమొదటి సారి ఎక్కినాడు. సీటు పట్టుకున్న పట్టు ఇడ్సలేదు."

కరీం అంటే బాషా భార్య జుబేదాకు తమ్ముడు. ఇరవై నాలుగేళ్లు. వర్క్‌షాపు నుంచి విమానం తెచ్చుకొనేటప్పుడు తోడుగా వెళ్లాడు. వాళ్ల అమ్మకు వాడొక్కడే కొడుకు.

నేను గాలి చెప్పాను. దక్షిణం నుంచి, గంటకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. రన్‌వే ఖాళీ అన్నాను. అన్నీ సరిగ్గానే చెప్పాను. తొమ్మిది నలభై మూడుకు అతని మాట మళ్లీ వచ్చింది.

"తెల్లగుట్ట కనపడె సారూ. ఇంటికొచ్చినట్లుండాది. ఇంగ కండ్లు మూసుకొని దిగుతా."

చెప్పవలసిన క్షణం అదే. గుట్ట కదిలింది బాషా, పది లెక్కపెట్టకు. ఈ నాలుగైదు మాటలకు మూడు సెకన్లు చాలు. అవి నా నోటి దాకా వచ్చాయి. కానీ అతని హుషారు నాకూ అంటుకొని, ఏడు నెలల తర్వాత విన్న ఆ గొంతుకు ఒక చతురమైన మాటతో బదులివ్వాలనిపించింది.

"కండ్లు తెరుచుకొనే దిగప్పా" అన్నాను.

వాళ్లిద్దరూ నవ్వడం వినిపించింది. అదే సమయంలో రన్‌వే పడమటి కొసన రెండు గొర్రెలు కనిపించాయి. నేను ఓబులేసును కేకేయడానికి అటు తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి విమానం మొదటి మలుపు తిరిగి వస్తోంది. గాలి దాన్ని వెనక నుంచి తోస్తోంది. రన్‌వే గీతకు రావలసిన దానికంటే చాలా దగ్గరగా ఉంది, ఇంకా తిన్నగానే వస్తోంది. నేను మైకు అందుకొనేలోగా అది గీతను దాటేసింది.

అక్కడ బాషా చేయవలసినది ఒకటే. దిగడం మానుకొని, ఇంజన్ పెంచి, పైకి పోయి, మళ్లీ చుట్టు తిరిగి రావాలి. ఆ తప్పు అతనిదే. నేను ఎన్నిసార్లు రాసినా ఆ వాక్యం మార్చను. అతను గీతను మళ్లీ అందుకోవాలని విమానాన్ని ఎడమకు నిలువునా వంచాడు. తిన్నగా ఎగిరేటప్పుడు గంటకు తొంభై కిలోమీటర్ల వేగానికి తగ్గేదాకా గాలి మీద పట్టు వదలని రెక్క, అరవై డిగ్రీలు వంచితే నూట ఇరవై ఏడు దగ్గరే వదిలేస్తుంది. అతని వేగం సుమారు నూట ఇరవై. ఎత్తు నాలుగు వందల అడుగులు. ఎడమ రెక్క వదిలేసింది. విమానం తలకిందులై, ఒకటిన్నర చుట్టు తిరిగి, కొర్రచేనులో పడింది. తొమ్మిది నలభై ఐదు. శబ్దం పెద్దగా రాలేదు. బియ్యం మూట లారీ మీది నుంచి పడినట్టు వినిపించింది.

మంట లేవలేదు. ఓబులేసు జీపు నాలుగు నిమిషాల్లో చేరింది. నేను వెనకనే బైకు మీద వెళ్లాను. బాషా అప్పటికే లేడు. కరీం ఊపిరితో ఉన్నాడు. ఓబులేసు వాడి తలను తన ఒడిలో పెట్టుకొని, "ఏం కాదు నాయనా, ఏం కాదు" అంటున్నాడు. కరీం కళ్లు తెరవకుండానే మాట్లాడాడు.

"బావ లెక్కపెడ్తాండె... ఏడు కాడ నిలిపేసె."

రెండుసార్లు అన్నాడు. తర్వాత "అమ్మకు చెప్పకండి" అన్నాడు. అంబులెన్స్ నంద్యాల చేరకముందే పోయాడు.

ఓబులేసుకు బాషా లెక్కపెట్టడం తెలుసు కానీ ఎందుకో తెలియదు, దాన్ని ప్రాణం పోయేవాడి కలవరింత అనుకున్నాడు. ఆ మాట విన్నవాళ్లలో దాని అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

విచారణ

విచారణకు వచ్చిన అధికారి తన పని నిదానంగా, పద్ధతిగా చేశాడు. ఇంజన్‌లో లోపం లేదు. గాలి సమాచారం సరిగ్గా అందింది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో, అతిగా వంచడం వల్ల ప్రమాదం. తప్పు పైలట్‌ది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

ఆయన నన్ను అడిగిన చివరి ప్రశ్న ఇది. "మీరు చెప్పదలచినది ఇంకేమైనా ఉందా?"

"లేదు సార్" అన్నాను. డైరీ ఆ సమయంలో నా సంచిలోనే ఉంది.

ఎందుకన్నానో ఏళ్లుగా ఆలోచించి మూడు కారణాలు తేల్చాను. ఉద్యోగ భయం ఒకటి. మేనేజరు ఎదురుగా కూర్చోవడం ఒకటి. మూడవది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా సూత్రం మనుషులను చంపిందని నా నోటితో ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది.

ఖాళీగా వదిలిన చోట జనం ఏదో ఒకటి పోస్తారు. కరీం బయలుదేరే ముందు తన ఫోన్ స్టేటస్‌లో విమానం ముందు నిలబడిన ఫోటో పెట్టి, "ఈరోజు బావ నాతో పల్టీలు కొట్టిస్తాడంట" అని సరదాగా రాశాడు. విచారణలో "అతిగా వంచడం" అని వచ్చేసరికి ఆ రెండూ కలిసిపోయాయి. బాషా బామ్మర్దికి తమాషా చూపించబోయి చంపాడు, తాను చచ్చాడు. నంద్యాల టీ అంగళ్లలో అదే మాట. కోయిలకుంట్లలో కరీం తల్లి హుస్సేన్‌బీ ఇంట్లోనూ అదే మాట.

జుబేదా

పదమూడు నెలల తర్వాత బాషా భార్య టవర్‌కు వచ్చింది. విచారణ అయ్యాక బాషా హెడ్‌సెట్ మా దగ్గర ఉండిపోయింది, అది తీసుకుపోవడానికి. మెట్లు ఎక్కి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. అద్దంలోంచి బయటకు చూసింది.

"ఈన్నుంచి కనపడ్తాదా సార్, ఆ చేను?"

చూపించాను. నేను పరామర్శగా అమ్మగారు ఎట్లా ఉన్నారని అడిగాను.

"నాకేం తెలుసు సార్? తలుపు తీయదు. రంజాన్‌కు పోయినా. సేమ్యాల గిన్నె గడప మీద పెట్టొచ్చినా. మరుసటి దినం ఆ గిన్నె ఆటోలో మా ఇంటికే పంపిచ్చె, అట్లనే, మూత కూడా తీయకుండా. నీ మొగుడు నా కొడుకుతో ఆడుకున్యాడు, ఆట అయిపాయ, ఇంగ ఈడికి రావద్దు అని చెప్పి పంపె."

హెడ్‌సెట్ తీగను చేతికి చుట్టుకుంటూ ఆమె నన్ను అడిగింది. "మీరు చూసినారు కదా సార్. నిజంగా ఆడుకున్యాడా?"

"లేదమ్మా" అన్నాను.

"లేదంటే ఏం జరిగింది?"

అక్కడ కూడా నేను వెంటనే చెప్పలేదు. "రేపు నేను కోయిలకుంట్ల వెళ్లి మీ అమ్మగారితో మాట్లాడతాను" అన్నాను. ఆ రాత్రి విచారణాధికారికి ఉత్తరం రాశాను. ఉదయం మేనేజరుకు రాజీనామా ఇచ్చాను. ఆ రెండింటి వల్ల ఏమైందో చదివేవారికి అవసరం లేదు. ఏమీ కాలేదు.

కోయిలకుంట్ల

హుస్సేన్‌బీ అరవై దాటిన మనిషి. బొంతలు కుడుతుంది. నేను వెళ్లేసరికి వసారాలో నేల మీద ఒక బొంత పరిచి, దాని మీద కూర్చొని కుడుతోంది. నేనెవరో చెప్పాను. సూది ఆపలేదు.

"కూర్చోప్పా. ఏం చెప్పనీకి వచ్చినావు?"

అంతా చెప్పాను. గుట్ట, సూత్రం, ఆరు వందల అంగలు, నోటీసు, నేను వేసిన జోకు. నా అల్లుడు ఆడుకోలేదంటావా అని ఆమె ఒకసారి అడిగింది. అవునన్నాను. అతను నేను నేర్పినట్టే లెక్కపెడుతున్నాడని, ఏడు దగ్గర తప్పు తెలుసుకొని ఆపాడని, తర్వాత కంగారుపడ్డాడని చెప్పాను.

"ఏడు దాకా లెక్కపెట్టినాడని నీకెట్ల తెలుసు? నువ్వు పైన ఉంటివా?"

"కరీం చెప్పాడమ్మా."

సూది ఆగింది.

"కరీం మాట్లాడినాడా?"

కొర్రచేనులో జరిగింది చెప్పాను. "అమ్మకు చెప్పకండి" అన్న మాట కూడా చెప్పాను. ఆమె నన్ను తిడుతుందని, ఏడుస్తుందని సిద్ధపడి వచ్చాను. ఆమె గొంతు ఏమాత్రం పెరగలేదు.

"పదమూడు నెలలప్పా. నా కొడుకు మాట నీ కాడ పదమూడు నెలలుండె. నేను వాడు ఒక్క మాటన్నా లేకుండా పాయ అనుకుంటా కుడ్తాండా ఈడ. నువ్వేం జేసినావు దాన్ని? యాడ పెట్టినావు?"

"రాసిపెట్టాను" అన్నాను. సంచిలోంచి డైరీ తీశాను. ఇంతకంటే సిగ్గుమాలిన జవాబు నా జీవితంలో ఇవ్వలేదు.

ఆమె చేయి చాచి పుస్తకం తీసుకుంది. ఆ పుటలు తిప్పి, నా అక్షరాల మీద బొటనవేలు పెట్టి చూసింది.

"నాకు చదవనీకి రాదు."

"నేను చదువుతానమ్మా."

"నువ్వొద్దు. నీ నోటితో ఇన్నాళ్లు రాలేదు కదా, ఇంగ రానక్కర్లే." తలుపు వైపు చూడకుండా అన్నది. "దాన్ని రమ్మను. ఆయమ్మి చదువుతాది."

అక్కడే నిలబడి జుబేదాకు ఫోన్ చేశాను. నంద్యాల నుంచి బస్సులో రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా హుస్సేన్‌బీ డైరీని ఒడిలో పెట్టుకొని, కుట్టకుండా కూర్చుంది. నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

జుబేదా వచ్చి గడప బయట చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడింది. తల్లి ఆమె ముఖం చూడలేదు. డైరీని ముందుకు చాచింది.

"చదువు. తమ్ముడు మాట్లాడింది యాడుండాదో చూడు."

జుబేదా బొంత అంచున కూర్చుంది. నేను పుట చూపించాను. ఆమె చదివింది. నేను ఆ రోజు సమయాలతో సహా రాశాను కాబట్టి అవి కూడా చదివింది. తొమ్మిది నలభై తొమ్మిది. బావ లెక్కపెడ్తాండె, ఏడు కాడ నిలిపేసె. తొమ్మిది యాభై ఒకటి. అమ్మకు చెప్పకండి.

"మళ్ల చదువు" అన్నది తల్లి.

చదివింది. మళ్లీ అన్నది. మూడోసారి సగం చదివి జుబేదా పుస్తకం దించింది. హుస్సేన్‌బీ చేయి బొంత మీదుగా వచ్చి కూతురి మోకాలి మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఆ గుట్ట సంగతి యాడుండాది? అదీ చదువు."

జుబేదా పుటలు వెనక్కి తిప్పి, లెక్కంతా చదివింది. అంగలు, అడుగులు, సెకన్లు. చివర నేను రెండు గీతలు గీసిన మాట దగ్గరకు వచ్చింది.

"చెప్పాలి."

"ఎవరికి?" అన్నది తల్లి.

జుబేదా ఆ పుటను కిందిదాకా చూసింది. వెనక తిప్పి చూసింది.

"రాయలేదమ్మా."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. డైరీ ఇమ్మని అడగలేదు. అది ఇప్పటికీ కోయిలకుంట్లలో ఆ ఇంట్లోనే ఉంది.